శ్రమకాలంలో అత్త చూసిన మెరుపు

మదనపల్లెలో మా వీధికి ఆకుకూరల బండి వచ్చినప్పుడల్లా పొన్నగంటాకు రెండు కట్టలు కొంటాను. ఎల్లిపాయలు చితగ్గొట్టి తాలింపు వేశాక, ఆకు బాణలిలో పడగానే లేచే ఆ పసరు వాసన నన్ను పుంగనూరులో అవ్వ వంటింటికి లాక్కుపోతుంది. కళ్ళకు మంచిదని అవ్వ వారంలో నాలుగు రోజులు అదే వండి, నాయనకు, అత్తకు, నాకు సంగటి ముద్ద మీద కొసరి కొసరి వడ్డించేది. మా కళ్ళు మాత్రం ఏమీ బాగుపడలేదు. పాపం, ఆకుదేం తప్పు?

మాది దళసరి అద్దాల ఇల్లు. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన తాత బైబిలును ముక్కుకు ఆనించి చదివేవాడట. నాయనదీ అదే వాలకం. ఆయన చెల్లెలు సుగుణత్తవి అందరికంటే మందం అద్దాలు. అచ్చనగాండ్లు ఆడేటప్పుడు అత్త రాళ్ళను గడ్డం దాటనివ్వకుండా ఎగరేసి పట్టేది. చింతపండు కొట్టే రోజుల్లో వసారాలో కూర్చుని ఒక్కో కాయను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని గింజ తీస్తుంటే, ఆ గింజలు వేయించుకుని జేబు నిండా పోసుకోవడం నా వంతు. ఇక క్రిస్మస్‌కు కర్జికాయల అంచులు ఆమె మడిచినంత అందంగా, కళ్ళు బాగున్న వాళ్ళెవరూ మడవలేకపోయేవారు. బడిలో నన్ను సోడాబుడ్డి అని ఏడిపించారని ఏడుస్తూ వస్తే, "వాళ్ళకుండేది రెండు కండ్లే, మనకు నాలుగు" అని నవ్వించేది.

నాకు తొమ్మిదేళ్ళప్పటి శ్రమకాలం అది. ఈస్టరుకు ముందు నలభై రోజులూ అవ్వా అత్తా పగలంతా ఉపవాసం ఉండి, పొద్దుగూకినాక రాగి జావ తాగేవాళ్ళు. పండగ ఇంకో పది రోజులుందనగా, సాయంత్రం ప్రార్థనలో మోకాళ్ళ మీదున్న అత్త ఉలిక్కిపడింది.

"అమ్మా, పక్కన తెల్లగా మెరుస్తాండాది. కండ్లు మూసుకున్నా మెరుస్తాండాది."

అవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. "ప్రభువు నీకు కనపడినాడు తల్లీ!"

అవ్వ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. మర్నాటి నుంచి సంఘంలోని ఆడవాళ్ళు మా ఇంటికి వరస కట్టారు. అత్త చేత తల మీద చెయ్యి పెట్టించుకుని కళ్ళు తుడుచుకుంటూ పోయేవారు. ఇంట్లో ఎవరికీ ఆసుపత్రి గుర్తు రాలేదు, అక్కడే బతుకంతా పనిచేసిన మనిషి ఇల్లయి ఉండీ.

మూడో రోజు అత్త నన్ను వసారాలోకి పిలిచి చెవిలో చెప్పింది. "కుడి కంట్లో నల్లగా తెర మాదిరి వస్తాండాదే. అవ్వకి చెప్పొద్దు. యాల ఆమె సంతోషం చెడగొట్టేది? పండగ పోనీ. ఒట్టెయ్యి."

ఒట్టేశాను. పెద్దవాళ్ళ రహస్యం నా దగ్గరుందని గర్వపడ్డాను కూడా. ఈస్టరు తెల్లవారి ఆరాధనకు బయలుదేరుతూ అత్త గడప తగిలి పడింది. ఆసుపత్రిలో చూసి, కుడికన్ను ఇక రాదు, వారం ముందు వచ్చి ఉంటే ఏమన్నా చేసేవాళ్ళం అన్నారు. అవ్వ ఆ తర్వాత ఏనాడూ ఆ మెరుపు మాట ఎత్తలేదు. పొన్నగంటాకు వండడమూ మానేసింది.

పోయిన నెల నా కూతురు హోంవర్కు చేసుకుంటూ, మా అందరి మాదిరే దళసరి అద్దాలు సర్దుకుని తలెత్తి, "అమ్మా, కంటి పక్కన ఏందో మెరుస్తాండాది" అంది. పొయ్యి ఆపింది గుర్తులేదు, చెప్పులు వేసుకుంది గుర్తులేదు, ఆటోలో దాని చెయ్యి పట్టుకున్నది మాత్రం గుర్తుంది. డాక్టరమ్మ పరీక్ష చేస్తూ, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా జరిగిందా అని అడిగింది. అత్త సంగతి చెప్పాను. ఇంత ఎక్కువ పవరు చాలామట్టుకు రక్తంలోనే వస్తుందట. ఒక్క జన్యువు కాదు, ఎన్నో కలిసి తరం నుంచి తరానికి దిగుతాయట. కనుగుడ్డు పొడవుగా సాగి లోపలి పొర పలచబడుతుంది, అది చిరిగేటప్పుడే ఆ మెరుపులు. పాపకు చిరుగు చిన్నగా ఉండగానే లేజరు పెట్టి నిలబెట్టారు.

కుప్పంలో హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరైన అత్త ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఎడమ కన్నూ ఇప్పుడు మసకే. పాపను తీసుకుపోయి జరిగిందంతా చెప్పాను. ఆమె దాని మొహాన్ని తన అద్దాలకు తగిలేంత దగ్గరికి తెచ్చుకుని, "నువ్వు చెప్పినావు. మంచి పని చేసినావు తల్లీ" అంది.

"నేను చెప్పలేదు గదత్తా" అని ఏడ్చేశాను.

"ఒట్టేయించుకునింది నేను గదే. చిన్నబిడ్డ నెత్తిన అంత బరువు పెడితి." నా కళ్ళు తుడిచింది. "ఆ కంటితో నేను ఆఖర్న బాగా సూసింది మా అమ్మ నవ్వు మొగం. అది సాల్లే."

తిరుగు ప్రయాణంలో బస్సు పుంగనూరులో ఆగింది. అవ్వ ఇల్లు లేదు, చింతకాయలు ఆరబోసిన వసారా లేదు. ఆ చోట సెల్‌ఫోన్ల షాపు వెలిసింది. పాప కిటికీలోంచి షాపు బోర్డు మీది అక్షరాలన్నీ, అడుగున ఉన్న చిన్నవాటితో సహా, గడగడా చదివింది. ఇంకోసారి చదవమన్నాను.