చెంచాడు పెరుగు

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, ఆశ్వయుజ మాసంలో ఒక బుధవారం, పొద్దున్న ఏడున్నరకి నన్ను ఆపరేషనుకి తీసుకెళ్లడానికి స్ట్రెచర్ బండి వచ్చింది. రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గరగా ఉన్న ఆసుపత్రి అది. నా కడుపులో కొబ్బరికాయంత గడ్డ ఉందనీ, తియ్యకపోతే బతకననీ డాక్టరుగారు చెప్పారు. తీస్తే బతుకుతానని మాత్రం గట్టిగా చెప్పలేదు.

ముందు రోజు ఏం చేస్తారో ఎవరూ చెప్పరు, చేసేస్తారు. ఎనిమా ఇచ్చారు. పొట్ట గొరిగారు. గాజులు తీయించారు, రాని వాటిని పగలగొట్టారు. ఆ చప్పుడికి మా అమ్మ మొహం తిప్పుకుంది. పుస్తెలు తీయనంటే నర్సమ్మ విసుక్కుని, వాటి చుట్టూ దూది పెట్టి ప్లాస్టరు అంటించింది. అప్పటికి నాకు అక్షరం రాదు. కాగితం మీద వేలిముద్ర వేయమంటే వేశాను. మనం చచ్చిపోతే వాళ్ల పూచీ లేదని అందులో ఉంటుందని పక్కమంచం ఆవిడ చెప్పి నవ్వింది.

ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. కడుపులో రాళ్లు. మంచం మీద కూర్చుని ఎప్పుడూ లేసు అల్లుతూ ఉండేది. ఆవిడ ఆపరేషను నా తరవాత, మధ్యాహ్నం.

“మీరు ముందెళ్లి చూసొచ్చి చెప్పండక్కా. బాగోలేదంటే నేను రేవు దాటి ఇంటికెళ్లిపోతాను” అనేది.

రాత్రి నుంచి మంచినీళ్లు కూడా తాగకూడదని నర్సమ్మ పదేపదే చెప్పింది. మా అమ్మ తలూపింది. తెల్లవారి, నర్సమ్మ అటు తిరగగానే కొంగుచాటు నుంచి గిన్నె తీసింది. పెరుగులో పంచదార. పరీక్షకైనా పెళ్లిచూపులకైనా అది నోట్లో పడందే ఆవిడ ఎవరినీ గడప దాటనివ్వదు.

“వద్దన్నారు కదమ్మా” అన్నాను.

“తిండి వద్దన్నారు. ఇది తిండేంటే, శకునం. నోరు తెరు.”

తెరిచాను. అడిగితే చెప్పొద్దని కూడా అంది. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నారు.

థియేటరు తలుపు దగ్గర మత్తు డాక్టరుగారు అడిగారు, ఏమన్నా తిన్నావా అని. నాకు అబద్ధం నోట రాదు. అది మంచితనం కాదు, అలవాటు లేదంతే.

“ఏం తినలేదండి. మా అమ్మ చెంచాడు పెరుగు పెట్టింది.”

ఆయన చెయ్యి ఆగిపోయింది. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషి దక్కదని అప్పుడు చెప్పారు. అరవలేదు. నన్ను వెనక్కి పంపించి, తరవాతి మనిషిని తీసుకురమ్మన్నారు.

ఆ తరవాతి మనిషి పక్కమంచం ఆవిడే. సూది పోగులో ఉండగానే లేసు నా చేతిలో పెట్టింది.

“సూది లాగకండక్కా, అల్లిందంతా జారిపోద్ది. వచ్చి ముగించుకుంటాను. మధ్యాహ్నం దాకా కూర్చుని భయపడే పని తప్పించారు మీ అమ్మగారు.”

ఆవిడ తిరిగి రాలేదు. కత్తి పెట్టకముందే, మత్తుకే గుండె ఆగిపోయిందట. తలుపు దగ్గర ఆవిడ భర్త ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు, లేచాక ఇద్దామని. నర్సమ్మ వచ్చి సంగతి చెబితే, “కాఫీ ఇంకా వేడిగానే ఉందండి” అన్నాడు.

నేను వెళ్లి ఉంటే నాకూ అంతేనా అని మత్తు డాక్టరుగారిని అడిగాను. “ఎవరి గుండె వాళ్లదమ్మా. ఆవిడకి మధ్యాహ్నమైనా అదే జరిగేది” అన్నారు. నమ్మాను. నమ్మాక మరిచిపోవాలి. మరవలేదు.

మర్నాడు మా అమ్మ మళ్లీ గిన్నె తెచ్చింది. తన పెరుగే నన్ను కాపాడిందట. గిన్నె తోసేశాను. థియేటరులో బల్ల చల్లగా ఉంది. నాకు ముందు దాని మీద పడుకున్నది ఎవరో నాకు తెలుసు. అంకెలు లెక్కపెట్టమన్నారు. లెక్కపెడుతుంటే పక్కన ఎవరో లేసు అల్లుతున్న చప్పుడు. లేసుకి చప్పుడుండదు. నేను విన్నాను.

గడ్డ తీసేశారు. బతికాను. మా అమ్మ పోయేదాకా వచ్చినవాళ్లందరికీ ఆ పెరుగు కథ చెప్పి మురిసేది. చెప్పినప్పుడల్లా నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. పక్కమంచం ఆవిడ భర్త ఆ రోజే ఆమె శవాన్ని తీసుకుని వెళ్లిపోయాడు, పల్లె పేరు నేను అడగలేదు. లేసు నా పెట్టెలో ఉంది. సూది ఇప్పటికీ పోగులోనే ఉంది. ఇంట్లో ఎవరికి ఆపరేషనైనా నేనే మంచం పక్కన కాపలా కూర్చుంటాను, ఏ గిన్నెనీ దగ్గరికి రానివ్వను. వాళ్లని తీసుకెళ్లాక మాత్రం పక్కమంచం వైపు చూడను.

ఆ రోజు అక్కడున్నవాళ్లం: కొంగుచాటున గిన్నెతో మా అమ్మ, గుమ్మంలో నిలబడ్డ మా ఆయన, వద్దని చెప్పిన నర్సమ్మ, మత్తు డాక్టరుగారు, ఫ్లాస్కుతో ఆవిడ భర్త, లేసు పట్టుకుని నేను. నా వంతుకి వెళ్లిన ఆవిడ.