అత్తకి పరీక్ష పెట్టిన శనివారం

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇవాళ పొద్దున్నే సెక్రటరీగారి కబురు: శనివారం సాయంత్రం క్రిస్మస్ తాత ఇంటింటికీ వస్తాడు, పిల్లలున్నవాళ్లు ఫ్లాట్ నంబర్లు రాయండి అని. కింద వరసగా నంబర్లు పడుతున్నాయి. మా ఇంట్లో ఇప్పుడు చిన్నపిల్లలెవరూ లేరు. ఉన్నా రాయను. మూడేళ్ల కిందట చుట్టాల పిల్లలొస్తున్నారని ఇలాగే రాశాను. గుమ్మంలోకి వచ్చిన ఆ తాతతో నేను ఆడించిన నాటకం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మాది గోదావరి వైపు. క్రిస్మస్ మా ఇళ్లలో చేసుకునే పండగ కాదు. కానీ సైబరాబాద్‌లో పాతికేళ్లు ఉద్యోగం వెలగబెట్టినవాళ్లకి దసరా కన్నా డిసెంబరు ఆఖరి వారాలే అసలు పండగ. అమెరికావాళ్లు సెలవుల మీద పోతారు, సాయంత్రం మీటింగులుండవు, మాదాపూర్ రోడ్డు మీద కారు మూడో గేరు మొహం కూడా చూస్తుంది. అంచేత చుట్టాలని పిలవాలంటే క్రిస్మస్ ముందొచ్చే శని ఆదివారాలే నాకు కుదిరేవి. ఆ ఏడు బెంగుళూరు నుంచి తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లలిద్దరూ కొత్తగూడలోని మా ఫ్లాటుకి వచ్చారు. కాకినాడ నుంచి అత్త, మావయ్య వచ్చారు. అత్తంటే మా నాన్న చెల్లెలు. మా అమ్మ బడికి పాఠాలు చెప్పడానికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది ఆవిడే. జడ వేయించుకోనని నేను ఏడుపు మొదలెడితే, దువ్వినంతసేపూ వీధిలో వాళ్ల నడకా మాటా అచ్చు దింపేసి నన్ను నవ్వించేది. ఇవాళ నాకున్న ఈ వెటకారం నోరు ఆవిడ పెట్టిన భిక్షే.

అత్తకి అప్పటికి రెండేళ్లుగా మతిమరుపు. బయల్దేరే ముందు మావయ్య నాకు ఫోన్ చేశాడు. "చూడమ్మా, ఇది ఎక్కడికీ రానంటోంది. పెళ్లికి తీసుకెళ్తే చాలు, ప్రతివాడూ ఎదురుగా నిలబడి నేనెవరో చెప్పు చూద్దాం అంటాడు. చెప్పలేక సిగ్గుతో చచ్చిపోతోంది. మీ ఇంట్లో అలా ఎవరూ అడగరని మాటిచ్చి ఒప్పించాను. ఆ ఒక్కటీ చూసుకో. అక్కడ కూడా అదే అయితే ఇది ఇంక గడప దాటదు," అన్నాడు. "నాకు వదిలెయ్యండి మావయ్యా," అన్నాను నేను, పెద్ద ఘనురాలిలాగ.

శుక్రవారం దిగిన దగ్గర్నుంచీ మావయ్య ఆవిడ పక్క వదిలితే ఒట్టు. ఎవరైనా గదిలోకి వస్తే చాలు, స్టేషన్లో మైకులో చెప్పినట్టు "ఇదిగోనే, మీ పెద్దన్నయ్యగారి కోడలొచ్చింది" అని ముందే గట్టిగా చెప్పేసేవాడు. ఆయన అందించలేనప్పుడు అత్త తన ఉపాయం తాను చేసుకునేది. వచ్చినవాళ్ల చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, మొహంలోకి చూసి, "ఏంటి ఇంత చిక్కిపోయావు, తింటున్నావా లేదా?" అనేది. ఈ మాట ఎవరికి తగలదు చెప్పండి. మరదలు మురిసిపోయింది. మావారు బొజ్జ లోపలికి పీల్చుకున్నారు. నేను ఎనభై రెండు కిలోలు, నన్ను చిక్కిపోయావన్న మనిషి ఈ భూమ్మీద అత్త ఒక్కతే. అందరికీ అదే మాట చెబుతోందని నాకు మొదటి పూటే అర్థమైంది. పేర్లు పోయినా ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ నలుగురిలో నెట్టుకొస్తోంది.

అక్కడితో ఆగితే బాగుండేది. శనివారం పొద్దున్న టిఫిన్ దగ్గర తమ్ముడు కుర్చీ లాక్కుని కూచోగానే అత్త మొహం విప్పారింది. "చిన్నాడా, నీకు పెసరట్టులో అల్లం పడదు కదరా," అంది. ఎవరూ అందించలేదు. వాడికి కళ్లనీళ్లు తిరిగాయి. నేను పక్కనే అట్లకాడ పట్టుకుని నిలబడ్డాను. నా వైపు తిరిగి మర్యాదగా, "మీకు శ్రమ ఇస్తున్నామండీ, కూచోండి," అంది. వంటావిడ అనుకుంది. నాకు కడుపు మండిపోయింది. చంకనెక్కింది నేను, నాలుగు రోజుల ముందు నుంచీ గది సర్ది, కాళ్లు జారకుండా బాత్రూంలో పట్టాలు వేయించింది నేను, ఏడాదికోసారి కూడా ఫోన్ చెయ్యనివాడు చిన్నాడా. జబ్బు మీద కోపం తెచ్చుకోవడమేంటని మీరనొచ్చు. నిజమే. కానీ వచ్చింది, నేనేం చెయ్యను.

సాయంత్రం మావయ్య మందుల షాపుకి వెళ్లాడు. ఆయన చెప్పులేసుకుని లిఫ్టెక్కేదాకా ఆగాను. పొరపాటున జరిగిందని ఎవరూ అనుకోకూడదు కాబట్టి ఈ ముక్క రాస్తున్నాను. తలుపు పడగానే పిల్లల్ని పిలిచి, "అత్తమ్మమ్మ దగ్గరో మ్యాజిక్కుంది చూస్తారా?" అన్నాను. పెద్దాణ్ణి పంపాను. చిక్కిపోయావంది. వాడికే టోపీ పెట్టి మళ్లీ పంపాను. చిక్కిపోయావంది. మూడోసారి మావారి కోటు తగిలించి పంపితే, అయ్యో బంగారం, మరీ చిక్కిపోయావంది. పిల్లలు సోఫాలో పడి దొర్లుతున్నారు. తమ్ముడు "ఊరుకో అక్కా" అంటూనే నవ్వుతున్నాడు. మరదలు ఫోన్‌లో వీడియో తీస్తోంది. ఇంతలో బెల్లు మోగింది.

ఎర్ర కోటు, తెల్లగడ్డం, పొట్టకి కట్టిన తలగడ. గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు క్రిస్మస్ తాత. నేనాయన చెయ్యి పట్టుకుని తిన్నగా అత్త ముందు నిలబెట్టాను. "అత్తా, ఎవరొచ్చారో చూడు. నీ ఆడపడుచు కొడుకు. గుర్తుపట్టలేదంటే అలుగుతాడట," అన్నాను. అత్త ఆ గడ్డాన్ని చూసింది, పొట్టని చూసింది. మా అందరి మొహాలూ చూసింది. ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "ఏం నాయనా, ఇంత చిక్కిపోయావు. అన్నం తినేగానీ కదలడానికి వీల్లేదు," అంది. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వాం. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. అందరూ నవ్వుతున్నారు కదాని అత్త కూడా నవ్వింది.

నవ్వనిది తాత ఒక్కడే. గడ్డం కిందికి లాగేశాడు. చూస్తే మా గేటు దగ్గరుండే సెక్యూరిటీ ఆయన. అత్త ముందు మోకాళ్ల మీద కూచున్నాడు. "అమ్మా, నేను మీ చుట్టాన్ని కాదు. కింద గేటు కాడ డ్యూటీ చేస్త, బోరబండల ఉంటం. నేనెవరో మీకెట్ల తెలుస్తది? మీ తప్పేం లేదు," అన్నాడు. నాతో మాత్రం, "పెద్దామె కద మేడం, జర ఇడిసిపెట్టాలె," అని, పిల్లల చేతుల్లో చాక్లెట్లు పెట్టి వెళ్లిపోయాడు. పాపం, ఆయన మంచికే చెప్పాడు. ఆయన చెప్పకపోతే అత్తకి తెలిసేది కాదు. నవ్వు ఆవిడ మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత చేతులు ఒళ్లోకి లాక్కుంది. "అంటే, ఇందాకట్నుంచీ..." అని ఆగిపోయింది.

మావయ్య మందుల కవరుతో గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూసుకోలేదు. మరదలి చేతిలో ఫోన్ ఇంకా లేచే ఉంది. "ఊరికే సరదాకి మావయ్యా," అన్నాను. "తెలుస్తోందమ్మా," అన్నాడాయన. అంతే. భోజనాల దగ్గర అందరూ అత్తకి తెగ మర్యాదలు చేశారు, బిరియానీ కొసరి వడ్డించారు, ముక్క మెత్తగా ఉందా అని అడిగారు. ఆవిడ ఎవరు పలకరించినా ముందు మావయ్య మొహం వైపు చూసేది, ఆయన తలూపితే తానూ తలూపేది. ఆ ఉపాయపు మాట మళ్లీ ఆవిడ నోట వినలేదు.

సోమవారం వెళ్లాల్సినవాళ్లు ఆదివారం పొద్దున్నే క్యాబ్ పిలిపించుకున్నారు. లిఫ్టు దగ్గర నేను వెళ్లి అత్త చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, నేను," అన్నాను. అత్త నన్ను తేరిపార చూసింది. తర్వాత మావయ్య వైపు వంగి, నేను నొచ్చుకుంటానేమోనని గొంతు తగ్గించి, "ఈవిడ నిజంగా మన మనిషేనా, లేక ఇదీ నవ్వుకోడానికేనా?" అని అడిగింది. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. "మనమ్మాయేలే," అన్నాడు మావయ్య ఆవిణ్ణి లోపలికి నడిపిస్తూ.

ఆయన ముందే చెప్పినట్టు అత్త ఆ తర్వాత గడప దాటలేదు. నేను కాకినాడ వెళ్లినా తలుపు చాటునే ఉంటుంది. ఎప్పుడైనా ఫోన్‌లో ఆ సంగతి ఎత్తితే మావయ్య, "ఊరుకోమ్మా, దానికెక్కడ గుర్తుంది," అంటాడు. అది ఓదార్పనుకుని అంటాడు పాపం. తప్పయిందని చెప్పుకోవాలంటే అవతలి మనిషికి గుర్తుండాలి కదా. ఏళ్లు గడుస్తున్నకొద్దీ ఆ శనివారం గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే అయిపోతున్నాను.