చెరువు ఎండిన ఊళ్ళో పందెం పడవ

2003 ఏప్రిల్‌లో మా చెన్నై ఆఫీసు నాకొక సర్వే పని అప్పగించింది. పాతకాలపు పందెం పడవ, తెరచాపది, టేకు చెక్కతో చేసింది. కొత్తగా బాగుచేసి అమ్మకానికి పెట్టారు. కొనదలచిన ముంబయి ఆసామి తరఫున వెళ్ళి చూసి రిపోర్టు ఇవ్వాలి. ఇంతవరకు మామూలే. చిరునామా చూశాక మాత్రం ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని గుమాస్తాను పిలిచాను. అనంతపురం జిల్లా, శింగనమల దగ్గర ఒక పల్లె. సముద్రానికీ ఆ ఊరికీ ఏ సంబంధమూ లేదు. "తెలుగు వచ్చిన సర్వేయరు మీరొక్కరే కదండీ" అని గుమాస్తా నవ్వాడు. అతనికి నవ్వులాటే, ఏప్రిల్ ఎండలో పోవలసింది నేను.

మా పని ఏమిటో చాలామందికి తెలియదు. మేము ధర కట్టం. పడవ నీళ్ళలోకి దిగడానికి పనికొస్తుందా, రాదా అన్నదొక్కటే చెబుతాం. దాన్ని కండిషన్ సర్వే అంటారు. అప్పటికి నేను సీనియర్ సర్వేయర్ని, అంటే నా రిపోర్టు మీద ఇంకొకరి సంతకం అక్కర్లేదు. నేను కాదంటే బీమా రాదు, బీమా లేకపోతే కొనేవాడు రాడు. అందుకే మేము వెళ్ళామంటే పెళ్ళికి జాతకాలు చూసేవాడు వచ్చినట్టే. మర్యాదలు బాగా జరుగుతాయి, మనసులో మాత్రం తిట్టుకుంటారు.

బస్సు శింగనమల చెరువు పక్కగా పోయింది. అంత పెద్ద చెరువులో గొర్రెలు తిరుగుతున్నాయి. అవి అక్కడ ఏం మేస్తున్నాయో నాకు తెలియలేదు. వరసగా వానలు తప్పిన కాలమది. పల్లెలో దిగేసరికి వీధి పొడవునా బిందెలు వరసలో పెట్టి ఉన్నాయి, మనుషులు నీడపట్టున కూర్చుని టాంకరు కోసం చూస్తున్నారు.

పడవ యజమాని చంద్రశేఖర రెడ్డి ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. ముంబయిలో పాత పడవల దొడ్డిలో దీన్ని చూసి, మనసుపడి కొని, లారీలో ఊరికి తెచ్చుకున్నాడు. సొంత ఊరి పక్కన చెరువుంది కదా, అందులో తిప్పుకుందామనుకున్నాడట. పడవ వచ్చింది కానీ చెరువుకు నీళ్ళు రాలేదు. ఆపైన గుండెజబ్బు పట్టుకుంది, ఇక అమ్మేద్దామనుకున్నాడు.

రేకుల షెడ్డులో ఆ పడవను చూసి, నిజం చెప్పొద్దూ, వచ్చిన పని మరిచి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. సన్నగా, పొడుగ్గా, మొదలు నుంచి చివరిదాకా ఎక్కడా వంక పెట్టడానికి లేని రూపం. వార్నిష్ కింద టేకు తేనె రంగులో మెరుస్తోంది. దాన్ని బాగుచేసినవాడు బ్రహ్మయ్యాచారి, ఆ ఊరి వడ్రంగి. తాతల నాటి నుంచీ ఎద్దుల బండ్లు చేసే ఇల్లు. కరువులో జనం ఎద్దులు అమ్ముకున్నాక బండ్లు అడిగేవాళ్ళు లేరు. రెండేళ్ళుగా అతని చేతికి ఈ పడవ పని తప్ప ఇంకో పని లేదు. ముంబయి ఆసామి ఫోటోలు చూసి ఒక మాట ఇచ్చాడు. సర్వేలో పడవ నెగ్గితే దాంతోపాటు ఆచారిని కూడా తీసుకుపోయి, తన షెడ్డులో పాత పడవలు బాగుచేసే పనిలో పెట్టుకుంటానని. గుంతకల్లులో ఏ రైలెక్కాలో ఆచారి భార్య వీరమ్మ అప్పటికే కనుక్కుని ఉంది. నన్ను చూసిన మొదటి ఐదు నిమిషాల్లోనే ఆ సంగతి చెప్పింది.

చిన్న కొయ్య సుత్తితో పలకలు తట్టుకుంటూ వచ్చాను. ఎక్కడ తట్టినా గట్టి చప్పుడే. తర్వాత పలకకూ పలకకూ మధ్య పలచటి ఉక్కు రేకు దూర్చి చూశాను. ఎక్కడా దిగలేదు. దిగకపోవడమే చిక్కు.

చెక్క పడవలో రెండు పలకల నడుమ సన్నటి సందు వదిలి, అందులో నూలు కుక్కి, పైన మెత్తటి లప్పం పెడతారు. నీళ్ళలో దిగాక చెక్క ఉబ్బుతుంది. ఉబ్బిన చెక్క నూలును నొక్కుకుని బిగుస్తుంది, అప్పుడు చుక్క నీరు లోపలికి రాదు. ఆ చోటు లేకపోతే ఉబ్బే చెక్క ఊరుకోదు, లోపల పలకల్ని పట్టి ఉంచే వంపు కొయ్యల్ని, అంటే పడవ పక్కటెముకల్ని విరుస్తుంది. ఈ పడవ ఎండకు ఎండి, పలకల మధ్య వేలు పట్టేంత సందులు పడ్డాయట. ఆచారి వాటన్నిటిలో టేకు సీలలు, అంటే సన్నటి చెక్క బద్దలు, దిగ్గొట్టి, గట్టి జిగురుతో అతికి, నున్నగా చిత్రిక పట్టేశాడు.

ఎందుకిలా చేశావని అడిగాను. అతను కొంచెం చిరాగ్గానే జవాబిచ్చాడు.

"మా నాయన కాలంలో బండి చక్రం వదులైతే చెరువులో నానేస్తాండ్రి సార్. కట్టె ఉబ్బి బిగుసుకుంటాండె. ఇప్పుడు చెరువులో నీళ్ళు యాడుండాయి? అందుకే సీలలు కొడతాండాము. నేను సీల కొట్టిన చక్రం ఒగటన్నా ఊడిందేమో ఊర్లో అడగండి."

ఊళ్ళో అడగనక్కర్లేదు, అతని పనితనం కళ్ళముందే ఉంది. సీలలన్నీ తీయించి నూలూ మెత్తటి లప్పమూ పెట్టించమని రెడ్డికి చెప్పాను. జిగురు పట్టింది కాబట్టి సీలతోపాటు పలక అంచులూ లేచిపోతాయని ఆచారి అన్నాడు. అది నిజమే. "రెండేండ్ల పని పీకి పారేయల్లా? తడిపి చూడండి సార్, నిలబడకపోతే అప్పుడు చెప్పండి" అన్నాడు. రెడ్డి కూడా అదే పట్టుపట్టాడు. మా వృత్తిలో ఒక నియమం ఉంది. సర్వేయరు తన అనుమానాన్ని రిపోర్టులో రాయకూడదు, చూసిందే రాయాలి. చెరువులో దింపే వీలు లేనప్పుడు పడవకు తడి గోనెపట్టాలు చుట్టి, లోపల కొంత నీళ్ళు నిలబెట్టి, నాలుగైదు రోజులు చూడాలి. అదే చేద్దామన్నాను.

రెడ్డి బోరు ఎండిపోయి ఉంది. పక్క ఊరి నుంచి టాంకరు తెప్పించాడు. అది వీధిలోకి రాగానే బిందెలతో జనం చుట్టుముట్టారు. ఇది పంచాయతీ టాంకరు కాదని డ్రైవరు అరుస్తూనే ఉన్నాడు. ఒక ముసలావిడ రెడ్డికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమప్పా రెడ్డీ, మనుషులకు గొంతు తడుపుకునేదానికి లేదు, కట్టెకు టాంకరు తోలించినావా?"

రెడ్డి తల దించుకుని, ఇంటికి రెండు బిందెలు పట్టుకోనిమ్మన్నాడు. నాకు సిగ్గూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీదో చెప్పలేను. మిగిలిన నీళ్ళు షెడ్డుకు చేరాయి.

గోనెపట్టాలు తడిపే పని వీరమ్మ తీసుకుంది. ఎండకు పట్టా ఆరుతుంటే వెంటనే చెంబెత్తేది. చుక్క నేల పడకుండా పైనుంచి కిందికి జారవిడిచేది. ఆ పడవ నిలబడితే ఆ ఊరి నీళ్ళ వరస నుంచి తను బయటపడుతుంది. అంత శ్రద్ధగా తడిపినవాళ్ళను నేను ఏ రేవులోనూ చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాలు చేస్తున్నాం. షెడ్డులో ఎండుకొమ్మ విరిగినట్టు ఒక చప్పుడైంది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత ఆగకుండా వరసగా. లోపలికి వెళ్ళి టార్చి వేశాను. పక్కటెముకలు ఒకవైపు వరసగా చిట్లిపోయాయి. ముందు కొసన రెండు పలకలు మేకులతో సహా బయటికి లేచాయి. వీరమ్మ చేతిలో ఇంకా చెంబు ఉంది. చప్పుడు వినబడ్డప్పుడు చెక్క బిగుసుకుంటోందనుకుని ఇంకాస్త నీళ్ళు పోసిందట.

ఆచారి పడవలోకి దిగి, విరిగిన ఎముకలను ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది.

"చక్రానికైతే సుట్టూ ఇనప పట్టా ఉండాది సార్. కట్టె ఉబ్బినా పట్టా ఆపుతాది. దీనికి పట్టా లేదు. నాకు తట్టనే లేదు." చిట్లిన ఎముక మీంచి చెయ్యి తీసి మళ్ళీ అన్నాడు. "నీళ్ళు వస్తాయని అనుకుంటే కదా తట్టేది."

రెడ్డి నా వైపు తిరిగి, మీరు తడపకపోతే పడవ బాగానే ఉండేది కదా అన్నాడు. ఉండేది. ఆ షెడ్డులో ఇంకో ఇరవై ఏళ్ళు మెరుస్తూనే ఉండేది. అయితే దాన్ని పడవ అని నేను సంతకం పెట్టలేను. ఆ మాటే మెల్లగా చెప్పాను.

'నీటికి తగదు' అని రిపోర్టు రాశాను. ముంబయి ఆసామి వెనక్కి తగ్గాడు. పడవతోపాటు ఆచారికి ఇచ్చిన మాటా పోయింది. విరిగిన పడవను రెడ్డి తర్వాత టేకు చెక్క కింద అమ్మేశాడు. ఆచారి దంపతులు ఆ ఎండాకాలంలోనే బెంగళూరు పోయారని, అక్కడ మిద్దెలకు సెంట్రింగ్ చెక్కలు కొట్టే పనిలో కుదిరారని రెడ్డి రాసిన ఉత్తరంలో తెలిసింది.

నేను బయలుదేరే పొద్దున సామాను సర్దుకుంటుంటే వీరమ్మ రెండు బిందెలతో షెడ్డు గుమ్మంలో నిలబడింది. పడవ అడుగున ఇంకా నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"ఇంగ ఈ నీళ్ళతో మీకు పని లేదు కదా సార్, తోడుకుంటాను" అంది.

తోడుకోమన్నాను. వార్నిష్ వాసన కొడుతున్న ఆ నీళ్ళను ఆమె పాత పంచెతో వడగట్టి బిందెల్లోకి నింపుకుంది. రైలు మాట మళ్ళీ ఎత్తలేదు.

రిటైరయ్యేదాకా ఆ తర్వాత చాలా చెక్క పడవలు చూశాను. అంతకు ముందైతే, పడవ బాగుచేసినవాణ్ణి నేను మొదట అడిగేది ఏ చెక్క వాడావు, ఏ జిగురు వాడావు అని. శింగనమల తర్వాత ఆ ప్రశ్నలు రెండో వరసకు పోయాయి. పలక మీద చెయ్యి వేయకముందే, మీ ఊరి చెరువు ఆఖరుసారి ఎప్పుడు నిండిందని అడిగేవాణ్ణి.