వెనక్కి తిరిగిన మిక్సీ

మోటార్లకు రాగితీగ చుట్టి పొట్టపోసుకునే వైండింగ్ మేస్త్రీకి కొత్తవి కనిపెట్టే పిచ్చి. పాలు పొంగబోతే ఈలవేసే గిన్నె చేశాడు, అది పాలన్నీ పొయ్యిమీద పోశాక ఈలేసింది. వంటగది నిండా చచ్చిన మోటార్లే. చివరికి పెళ్ళాం తెగేసి చెప్పింది: ఆదివారానికల్లా ఈ చెత్త ఖాళీ కావాలి, సోమవారం వెళ్ళి తన తమ్ముడి ఫ్యాన్ల కొట్టులో జీతానికి చేరాలి. బామ్మర్ది ముందు చేతులు కట్టుకోవడం కంటే కరెంటు తీగ పట్టుకోవడం నయమనుకున్నాడు మేస్త్రీ. పైకి మాత్రం సరేనన్నాడు.

శనివారం బాగుచెయ్యడానికి అత్తగారి మిక్సీ విప్పాడు. ఆవిడ పక్కనే పీటేసుకుని తన కొడుకు కొట్టు ఎంత చల్లగా ఉంటుందో వర్ణిస్తోంది. ఆ చలికి బుర్ర గడ్డకట్టిందేమో, చివర్లో రెండు తీగలూ తారుమారు చేసి బిగించేశాడు. నిద్రలో లేపి చేయించినా చేయని తప్పు.

పెళ్ళాం ఓ క్యాంటీనుకు వెల్లుల్లి ఒలిచిస్తుంది. గోళ్ళు మండిపోతుంటే, ఇంట్లో కూరకైనా పొట్టుతోనే నూరేద్దామని నాలుగు రెబ్బలు జారులో వేసి మీట నొక్కింది. మిక్సీ గుర్రుమంది గానీ నూరలేదు. బ్లేడు వెనక్కి తిరుగుతోంది, పదును వెనకబడి మొద్దు అంచు కొడుతోంది.

"ఇదేం బాగుచెయ్యడమయ్యా, ఒక్క రెబ్బా నలగలేదు" అంటూ జారు అతని ముక్కు కింద పెట్టింది. పెట్టి, తనే మళ్ళీ లోపలికి తొంగిచూసింది. పొట్టంతా ఓ పక్క, రెబ్బలు దిసమొలతో ఓ పక్క.

ముగ్గురూ ఒక్కసారే వంగారు. తలలు ఢీకొన్నాయి. నవ్వు ఆగలేదు. బుట్టెడు వెల్లుల్లి అయ్యేదాకా ఆడించారు. ఎవరో ఫ్యాను వేస్తే పొట్టు ఇల్లంతా ఎగిరింది, అత్తగారి కొప్పులో కాపురం పెట్టింది.

ఆదివారం పొద్దున్నే మిక్సీని క్యాంటీనుకు మోసుకెళ్ళారు. ఇంట్లో ఆగి ఆగి తిప్పారు కాబట్టి బతికిపోయారు. ఇక్కడ జోరుగా తిప్పేసరికి బ్లేడును బిగించిన మర ఊడి, బ్లేడు మూతను తన్నింది, మూత సీలింగును తన్నింది, ఓనరు బట్టతల మీద వెల్లుల్లి వాన. ఆయన భుజం మీది రెబ్బ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒలిచింది బానే ఒలిచింది. నా తల మీద ఒలవడానికేం లేదు గనక సరిపోయింది. ఊడకుండా చేసుకురా, కొంటాను."

బ్లేడు తిరిగే వైపే మర ఊడుతోంది గనక మర చుట్లను ఎడమ చేతివాటంగా కోయిస్తే తిరిగేకొద్దీ బిగుస్తుంది. అది తట్టగానే మేస్త్రీ చెప్పులు కూడా మరిచి పరుగెత్తి, మరలు కోసే లేత్ మిషను ఆయన్ని స్నానం మధ్యలో సబ్బు నురగతోనే లాక్కొచ్చాడు. సాయంత్రానికి క్యాంటీనులో రెబ్బలు గలగలా రాలుతుంటే వంటవాళ్ళు పని మానేసి చుట్టూ మూగారు.

సోమవారం మేస్త్రీ తను ఒప్పుకున్నట్టే బామ్మర్ది కొట్టుకు వెళ్ళాడు, వెల్లుల్లి ఒలిచే మిషను చంకన పెట్టుకుని. బామ్మర్ది జీతం మాట ఎత్తబోయి, మీట నొక్కాక మరిచిపోయాడు. "బావా, ఇవి నాకు తప్ప ఇంకెవరికీ ఇవ్వకు" అని కుర్చీ తుడిచి వేశాడు.

వంటగది మాత్రం ఖాళీ కాలేదు. మోటార్లు ఇంకా పెరిగాయి. పొయ్యిని వరండాలోకి మోసింది పెళ్ళామే. ఆ వరండాలో పీటేసుకుని అత్తగారు ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది:

"అంతా బానే ఉంది అల్లుడుగారూ, మరి నా మిక్సీ ముందుకు తిరిగేదెప్పుడు?"