పాణి, పాని

2016లో వేట నిషేధం ఏప్రిల్ పదిహేనున మొదలై జూన్ పధ్నాలుగుతో ముగిసింది. అరవై ఒక్క రోజులు. మగవాళ్లు సముద్రం మీదికి వెళ్లని ఆ రోజుల్లోనే మా ఊళ్లో సభలు ఎక్కువ జరుగుతాయి. బంగ్లాదేశ్ వాళ్లు తీరం వెంబడి దిగిపోతున్నారని ఆ ఏడు టీవీ చూసినవాళ్లంతా చెప్పుకున్నారు. మే ఎనిమిది, ఆదివారం నాడు ఊరి పెద్దలు రామమందిరం అరుగు మీద కూర్చుని ఒక కట్టుబాటు చేశారు. పరదేశం నుంచి కాగితాలు లేకుండా వచ్చినవాళ్లు ఊళ్లో ఉండకూడదు, వాళ్లకెవరూ ఇల్లు ఇవ్వకూడదు.

పంచాయతీ కార్యదర్శి దాన్ని తన పుస్తకంలోకి ఎక్కించనన్నాడు. ఇలాంటివి చూడడానికి పోలీసులున్నారు, పైన ఢిల్లీ ఉంది, మనం చట్టాలు చేయకూడదన్నాడు.

"ఢిల్లీవోడొచ్చి మన ఒడ్డు కాపలా కాత్తాడేటి?" అన్నాడు మా మరిది. పెద్దల్లో అతనే ముఖ్యుడు. దండోరా వేయించేశారు.

పరదేశం అన్న మాట ఎవరి కోసమో అందరికీ తెలుసు. ఊళ్లో బయటివాళ్లది ఒకటే కుటుంబం. 2013 ఫిబ్రవరిలో వచ్చారు. భర్త ఫైబరు పడవలకు చిల్లులు పూడ్చి పూత వేసేవాడు. భార్య మా వీధి ఆడవాళ్లతో కలిసి రొయ్యలు ఎండబెట్టేది. కూతురు రెండో తరగతి. ఒడిశాలోని గోపాల్‌పూర్ మీదుగా వచ్చారు కాబట్టి ఒరియావాళ్లే అని అప్పట్లో అనుకున్నాం. వాళ్లను ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

దండోరా విన్న మూడో రోజున భర్త కాగితాలు తేవడానికి తన ఊరు వెళ్లాడు. పది రోజులు దాటినా రాలేదు. మే ఇరవై రెండున భార్యను అరుగు దగ్గరికి పిలిచారు. పక్కన కూతురు నిలబడింది.

నన్నూ పిలిచారు. పెళ్లయ్యాక నేను పదకొండేళ్లు పూరీలో ఉన్నాను. అక్కడి ఒడ్డున మనవాళ్ల వాడ పెద్దది. ఒరియా మాట్లాడగలను, చేపలు కొనడానికి వచ్చే బంగాలీల మాటా తెలుసు. ఊళ్లో ఆ రెండూ విడదీసి చెప్పగలిగేది నేనొక్కదాన్నే.

"ఒరియావోళ్లయితే మనోళ్లే, కాగితాలెందుకు?" అన్నాడు మరిది. "వదినా, నువ్వే అడుగు."

నేను అరుగు మీది చెంబు చూపించి, "ఇందులో ఏముంది?" అన్నాను.

"నీల్లే గదప్పా!" అంది.

జనం పకపకా నవ్వారు. మూడేళ్లలో, అక్కను అప్పా అనేదాకా, మా యాస అంత పట్టేసింది.

"తెలుగులో కాదే పిల్లా, మీ ఇంట్లో ఏటంతారో సెప్పు" అన్నాడు మరిది, తానూ నవ్వుతూనే.

ఆమె కూతురి తల మీద చెయ్యి వేసి, "పాని" అంది.

"అదిగో, ఒరియాయే! మా బరంపురం బావ కూడా అదే అంతాడు" అని ఎవరో అన్నారు. మరిది తుండు దులుపుకుని లేచాడు. అంతటితో అయిపోయేది.

"ఆగండి" అన్నాను. "ఒరియావాళ్లు పాణి అంటారు. ఈమె పాని అంది."

నన్నెవరూ ఆ అక్షరం అడగలేదు. తేదీ తప్పు చెప్పినా, లెక్క తప్పు చెప్పినా నేను ఊరుకోలేను. అదీ అలాగే నోట్లోంచి వచ్చేసింది. మా ఊళ్లో ణ పలికేవాళ్లు పదిమంది లేరన్న సంగతి ఇంటికి వచ్చాక తట్టింది.

"అయితే బంగాలీయా?" అన్నాడు మరిది.

"మాట బంగాలీదే, వాళ్లలో జల్ అనేవాళ్లతో పాటు పాని అనేవాళ్లూ ఉన్నారు. కలకత్తా మన దేశంలోనే ఉంది కదా. మాటను బట్టి దేశం చెప్పలేం."

రెండో ముక్క ఎవరూ వినలేదు. చేపలమ్మే ఒకామె మాత్రం అరుగు మీదికి వేలెత్తి అరిచింది. "మావోడు గుజరాతు ఎల్లి వెరావల్ రేవుల పడవెక్కి నాలుగేల్లయినాది. గుజరాతీ రాదని ఆల్లు తరిమీనారేటి? ఒరే, నోరు సూసి దేశం సెప్పీసే మొనగాల్లు, మీ పడవలకి పూత ఎవుడేత్తాడో సూత్తాను!"

జూన్ పదిలోగా కాగితాలు చూపించాలి, లేదా వెళ్లిపోవాలి అని తీర్పు చెప్పారు.

జూన్ రెండు, గురువారం భర్త తిరిగొచ్చాడు. ఇద్దరి ఓటరు కార్డులూ తెచ్చాడు. కలకత్తాకు దిగువన సముద్రం పక్క ఊరు వాళ్లది. కార్డు మీద సగం అక్షరాలు బంగాలీవి. అవి చూసి పెద్దలు మళ్లీ మొహాలు చూసుకున్నారు. బడి మాస్టారు వచ్చి ఇంగ్లీషు సగం చదివి, భారత ఎన్నికల సంఘం ఇచ్చినవేనని గట్టిగా చెప్పాక ఒప్పుకున్నారు. "మనోళ్లేరా! పని సూసుకో" అని మరిది అతని భుజం తట్టాడు.

అయినా వాళ్లు సామాను కట్టుకుంటున్నారని తెలిసి జూన్ ఎనిమిది పొద్దున నేను వెళ్లాను. ఆమె గిన్నెలు బస్తాలో సర్దుతోంది.

"ఉండమన్నారు కదా. ఎందుకు వెళ్లడం? తప్పు నాది. కావాలంటే అరుగు మీదే చెబుతాను" అన్నాను.

"నీ మీద కోపం నేదప్పా. ఉన్నదే సెప్పినావు." పని ఆపలేదు. "పిల్లలు రోజూ దీన్ని సుట్టుముట్టి, నీల్లనేటంతారే, సెప్పు, సెప్పు అంతన్నారు. ఇదిప్పుడు ఇంట్లో నాతోటి మా మాట ఆడదు. నానాడినా ఉలకదు, పలకదు. మా ఊల్లో మాయమ్మున్నాది, ఆవిడికి తెలుగు రాదు."

ఆటో వచ్చింది. రైలు విజయనగరంలో ఎక్కాలి. బస్తా ఒక చివర భర్త పట్టుకున్నాడు, రెండో చివర నేను పట్టుకున్నాను. తల్లి కూతుర్ని ఎక్కించి, పాని తాగుతావా అని తమ భాషలో అడిగింది. పిల్ల నా వైపు చూసి, నోరు విప్పకుండా తల ఊపింది.