టైపు సారు ఎర్ర పెన్సిల్

తమిళనాడు ధర్మపురిలో మా టైపు సారు పోయారు. పోయిన మంగళవారం ఉదయం ఆరున్నరకు, ఇంట్లోనే, నిద్రలో. ఎనభై నాలుగేళ్లు. పంతొమ్మిదివందల ఎనభైలలో ఆయన దగ్గర టైపు నేర్చుకుని, తాలూకా ఆఫీసులో ఉద్యోగం చేసి, ఈమధ్యే రిటైరైన ఒకావిడ నాకు ఫోన్ చేసి చెప్పింది. "సారు పోయినారన్నా," అంది. ఎన్ని గంటలకు అని అడిగాను. చెప్పింది. ఎదురుగా ఉన్న కాగితం మీద టైము రాసుకున్నాను. వార్తలు రాసీ రాసీ చేతికి అలవాటైన పని అది. తర్వాత ఏం రాయాలో తోచక పెన్నుకు మూత పెట్టాను.

ఈ వ్యాసం సారు బతికి ఉన్నా చదవలేరు. మా వైపు తెలుగు ఇళ్లలో మాట్లాడతారే గాని చదవడం వచ్చినవాళ్లు తక్కువ. నేనూ ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాకే అక్షరాలు దిద్దుకున్నాను. ఒకసారి నా వార్త అచ్చయిన పేపరు తీసుకెళ్లి చూపిస్తే, సారు దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "వరసలు సమంగా ఉండాయప్పా," అన్నారు. ఆయన మెచ్చుకోలు అంతవరకే.

బస్టాండుకు దగ్గరలో ఒక చెప్పుల దుకాణం మీద ఆయన ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పది టైపు మెషీన్లు. మెట్లు ఎక్కుతుండగానే వాన పడుతున్నట్టు చప్పుడు వినిపించేది. ప్రతి మెషీన్ మీదా ఒక నల్లగుడ్డ. చేతులు గుడ్డ కింద పెట్టి కొట్టాలి. అక్షరాలు చూడకూడదు. సారు లోపలి గదిలో కూర్చుని కాగితాలు దిద్దుకుంటూ, చప్పుడును బట్టే తప్పు పట్టేవారు. "మూడో మెషీనూ, నీ ఉంగరం వేలు నిద్రపోతుండాది. లేపు." మేము నవ్వుకునేవాళ్లం. ఆ పిలుపు వచ్చినవాడు మాత్రం నవ్వేవాడు కాదు. ఎందుకంటే ఆ వేలు నిజంగానే మెత్తగా పడి ఉండేది. అక్షరం కాగితం మీద సగమే అంటి ఉండేది.

ఎనభైల మధ్యలో బెంగళూరు నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చాడు. అప్పటికి నేను ఒక తమిళ పత్రికకు ఊరి వార్తలు పంపుతున్నాను. సారు రమ్మంటే వెళ్లాను. టెలిఫోన్ తీగ ద్వారా ఊళ్లన్నిటి కంప్యూటర్లనూ కలుపుతామని కంపెనీ చెబుతోంది. ధర్మపురిలో కొట్టిన ఉత్తరం నిమిషంలో బెంగళూరులో కనిపిస్తుంది. అక్కడి మార్కెట్ ధర తెల్లారేసరికి ఇక్కడ కనిపిస్తుంది. ప్రతి ఊళ్లోనూ ఒక కేంద్రం, దానికి ఒక ఏజెంటు. ఏజెంటు పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాడు, కంపెనీ సర్టిఫికెట్ ఇస్తుంది. ఈరోజు చదివేవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. ఆ రోజుల్లో ధర్మపురి నుంచి బెంగళూరుకు ఫోన్ చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి పొద్దంతా కూర్చునేవాళ్లం.

ఆ రోజూ అలాగే కూర్చున్నాం. లైను దొరికాక కంపెనీ మనిషి ఫోన్ రిసీవర్‌ను, తాను తెచ్చిన కంప్యూటర్‌కు తగిలించిన రెండు రబ్బరు గిన్నెల్లో బోర్లించాడు. కీచుమని ఒక చప్పుడు. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి, ధర్మపురికి నమస్కారం అని ఇంగ్లీషులో. కారిమంగళం నుంచి వచ్చిన టమాటా వ్యాపారి ఒకాయన ఆ పెట్టె వెనక్కి వెళ్లి తొంగి చూశాడు.

"దీంట్లో ధర వస్తాదంటే, టమాటాలు కూడా దీంట్లోనే పంపించేస్తాం సారూ. లారీ బాడుగ మిగులుతాది."

"పంపించు," అన్నారు సారు. "రసం కారితే నువ్వే తుడవాల."

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. ఆయన తెర వైపు చూడటం లేదు. కీబోర్డు చూస్తున్నారు. ఎ పక్కన ఎస్, ఎస్ పక్కన డి. ఆయన ఇరవై ఏళ్లుగా నేర్పుతున్న వరసే. కుడిచేతి చిటికెన వేలు ఆనే చోటు కూడా మారలేదు. "అక్షరాలన్నీ ఉండాల్సిన చోటనే ఉండాయప్పా," అన్నారు నాతో, చాలా నెమ్మదిగా. కంపెనీని ఆయన నమ్మింది ఆ క్షణానే అని నా అంచనా. తీగలు ఎవరు వేస్తారు, అనుమతి ఎవరిస్తారు అని ఆయన అడగలేదు. అడగవలసిన ఉద్యోగం నాది. నేనూ అడగలేదు. నా వార్తలో 'త్వరలో' అనే మాట మూడుసార్లు వచ్చింది.

కంపెనీ మనిషి కొత్త కంప్యూటర్‌కు మారుగా ఏడు టైపు మెషీన్లు లారీలో వేసుకుని పోయాడు. మూడు మిగిలాయి. బోర్డు మీద 'కంప్యూటర్' అనే మాట చేరింది. నలభైమంది పిల్లలు చేరారు. ఏ. పళ్లిపట్టి అనే పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి వాళ్లలో ఉంది. మొన్న నాకు ఫోన్ చేసినావిడ ఆమే. వాళ్ల ఇంట్లోనూ తెలుగే. వాళ్లమ్మ కట్టడం పనుల్లో సిమెంటు మోసేది. సెలవు రోజుల్లో అమ్మాయి కూడా పోయేది. కోర్సు అయ్యి సర్టిఫికెట్ తెస్తే మిల్లు ఆఫీసులో ఉద్యోగం ఇస్తామని ఎవరో మాటిచ్చారు. తట్ట దించడానికి ఆమెకు కనబడుతున్న దారి అదొక్కటే.

మూడు నెలలకు కంప్యూటర్ తెర నల్లబడింది. రిపేరుకని కంపెనీవాళ్లు తీసుకుపోయారు. తిరిగి రాలేదు. వస్తుంది, వస్తుంది అని ఉత్తరాలు మాత్రం వచ్చేవి. సారు క్లాసు ఆపలేదు. కంపెనీ ఇచ్చిన పుస్తకం ముందురోజు తాను చదివి, మర్నాడు చెప్పేవారు. పిల్లలు కంప్యూటర్‌కు ఇవ్వవలసిన ఆదేశాలను మిగిలిన మూడు టైపు మెషీన్ల మీద కాగితంపై కొట్టి, లోపలి గదికి తీసుకెళ్లి ఇచ్చేవారు. కంప్యూటర్ అయితే ఏం జవాబు చెప్పేదో, ఆ జవాబు సారు కాగితం అడుగున ఎర్ర పెన్సిల్‌తో రాసిచ్చేవారు. లెక్క సరిపోతే మొత్తం. తప్పుంటే 'రెండో వరసలో తప్పు' అని ఇంగ్లీషులో, పుస్తకంలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా. అంతకు మించి ఒక్క మాట సాయం చేసేవారు కాదు. కంప్యూటర్ చేయదు కాబట్టి.

ఒకసారి ఆ అమ్మాయి కాగితం ఇచ్చి చాలాసేపు నిలబడింది.

"కంప్యూటర్ ఇంత నిదానంగా చెప్తాదా సార్?"

"ఈ కంప్యూటర్‌కు నలభై అయిదేళ్లమ్మా. కళ్లద్దాలు తుడుచుకోవాల గదా."

ఏడాదిన్నర తిరిగేసరికి ఉత్తరాలు ఆగిపోయాయి. ట్రంక్ కాల్ చేస్తే అవతల ఎత్తేవాళ్లు లేరు. సారు నన్ను బెంగళూరు పోయి చూసి రమ్మన్నారు. పోయాను. రెండో అంతస్తులో తాళం. మెట్ల మీద హోసూరు ఏజెంటు, సేలం ఏజెంటు, ఇంకా నాకు తెలియని ఊళ్ల ఏజెంట్లు కూర్చుని ఉన్నారు. ఒకాయన టిఫిన్ క్యారియర్ విప్పి పెరుగన్నం తింటున్నాడు. కిటికీలోంచి చూశాను. గచ్చు మీద కత్తిరించిన తీగలు, ఒక కుర్చీ.

తిరిగొచ్చి మెట్లు ఎక్కేసరికి సారు క్లాసులో ఉన్నారు. "బ్యాచ్ అయ్యేదాకా ఉండప్పా," అన్నారు. ఉన్నాను. పిల్లలు దిగిపోయాక అడిగారు.

"బోర్డు ఉండాదా?"

"ఊడదీసినారు సార్. మేకులు ఉండాయి."

"మన మెషీన్లు?"

"కనబళ్లేదు సార్."

సారు మూడు మెషీన్ల మీదా గుడ్డలు సరిచేశారు. అప్పటికే సరిగానే ఉన్నాయి.

సర్టిఫికెట్ల కట్ట ఆయన బీరువాలో ఉంది. కంపెనీ ముందే పంపించింది, ముద్రలు, సంతకాలతో సహా. పేరు టైపు చేయడమే తరువాయి. కంపెనీ మూతపడిందని ధర్మపురిలో అప్పటికి నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున నలభైమందినీ ఒకేసారి రమ్మన్నారు. గది చాలక సగంమంది మెట్ల మీద నిలబడ్డారు. "కంపెనీ లేదు. కంప్యూటర్ రాదు. మీకు నేను చెప్పిన మాట తప్పైపోయింది," అన్నారు. ముందు తమిళంలో, తర్వాత తెలుగులో.

ఆ అమ్మాయి ముందుకు వచ్చింది.

"కాగితం ఇచ్చేయండి సార్. కంపెనీ పోయిందని మిల్లోళ్లకు తెలీదు గదా."

"నాకు తెలుసు గదమ్మా."

"మీకేమి సార్! నేను మళ్లా తట్ట ఎత్తుకోవాల." ఆమె గొంతు పెరిగింది. "మాకు చూడకుండా కొట్టేది నేర్పించినారు. మీరు చూడకుండా నమ్మేసినారు."

"ఆమా," అన్నారు సారు. అవును అని. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి మాట నాకూ తగిలింది.

ఎనిమిది వారాల్లో ప్రభుత్వ టైపు పరీక్ష ఉంది. కంపెనీ ఉన్నా లేకపోయినా చెల్లే కాగితం అది. రాసేవాళ్లను రాయమన్నారు. మా వైపు ఆ పరీక్షకు ఏ ఇన్‌స్టిట్యూట్ పిల్లలు ఆ ఇన్‌స్టిట్యూట్ మెషీన్లనే సెంటర్‌కు మోసుకుపోవాలి. మిగిలినవి మూడు. సారు తెల్లవారుజామున అయిదుకు గది తెరిచి, అరగంటకు ముగ్గురు చొప్పున కూర్చోబెట్టారు. కాగితం చాలకపోతే బీరువా తెరిచి సర్టిఫికెట్ల కట్ట తీసి, "వెనకవైపు కొట్టండి," అన్నారు. మంచి దళసరి కాగితం. పిల్లలు నెలన్నర పాటు కంపెనీ ముద్రల వెనక అక్షరాలు కొట్టారు.

ఆ అమ్మాయి నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు మొదటి బ్యాచ్‌లో వచ్చి కూర్చుంది. వేళ్ల చివర్లను సిమెంటు తినేసింది. సారు చూశారు. కాసేపటికి లోపలి గదిలోంచి, "ఉంగరం వేలు," అని మాత్రం అన్నారు. ఈసారి ఆమె వేలు గట్టిగా పడింది.

పరీక్ష రోజు మూడు మెషీన్లనూ దుప్పట్లలో చుట్టి తోపుడుబండి మీద తీసుకుపోయాం. సారు బండి పక్కన నడుస్తూ, గుంతలు వచ్చినచోటల్లా చేయి అడ్డం పెట్టారు. సెంటర్‌లో ఒక మెషీన్‌లో క్యారేజీని లాగే తాడు తెగింది. జేబులోంచి చేపలు పట్టే గాలం తాడు తీసి, తర్వాతి బ్యాచ్ వచ్చేలోపు కట్టేశారు. కొందరు పాసయ్యారు, కొందరు కాలేదు. ఆ అమ్మాయి పాసైంది. తాలూకా ఆఫీసులో ఉద్యోగం రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ తట్ట మోసింది. సారును క్షమించని వాళ్లూ ఉన్నారు. వాళ్లది తప్పని నేను రాయను.

బోర్డు మీద 'కంప్యూటర్' మాట కనబడకుండా ఆయనే రంగు పూశారు. వాన పడినప్పుడల్లా అది అడుగునుంచి కనిపించేది.

పదిహేనేళ్లు పోయాక బెంగళూరులో ఇంటర్నెట్ కంపెనీలు పెద్దపెద్ద బోర్డులతో లేచాయి. ఏడాది రెండేళ్లలో చాలావాటికి తాళాలు పడ్డాయి. ఆ వార్తలు నేనే రాశాను. ఫుట్‌పాత్ మీద అమ్మకానికి పెట్టిన తిరిగే కుర్చీలు, ఉద్యోగం పోయిందని గేటు దగ్గర కాపలావాడి నోట విన్న పిల్లలు. ఈసారి ప్రతి వార్తా రాసేముందు వెళ్లి తాళం కళ్లారా చూశాను. ఆ రోజుల్లో సారు ఫోన్ చేస్తే ఎన్ని కంపెనీలు పోయాయని అడిగేవారు కాదు. "పిల్లోళ్లకు ఎవురు చెప్పినారప్పా?" అనేవారు. చాలాచోట్ల ఎవరూ చెప్పలేదు. అదే చెప్పేవాణ్ని. "చెప్పాల గదా," అని ఫోన్ పెట్టేసేవారు.

బుధవారం నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక మూడు మెషీన్లూ ఇంటి ముందరి గదిలోకి చేరాయి. సారు భార్య వాటిమీది దుమ్ము తుడుస్తూ ఉంది. "సాయంత్రమైతే ఒక దాన్ని విప్పి మళ్లా బిగించేవోరు నాయనా. కొట్టేవోళ్లు లేరే," అంది. నాకు ఫోన్ చేసినావిడ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. ఒక మెషీన్‌లో కాగితం ఎక్కి ఉంది. అంచులు పసుపు తిరిగాయి. తిప్పి చూశాను. కంపెనీ ముద్ర, సంతకం, పేరు రాయవలసిన చోట ఖాళీ గీత.

ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుంది. నల్లగుడ్డ కింద చేతులు పెట్టి మొదటి పాఠం కొట్టడం మొదలుపెట్టింది. ఎ ఎస్ డి ఎఫ్. మూడు వరసలు సమంగా పోయాయి. నాలుగో వరసలో ఉంగరం వేలి అక్షరం మెత్తగా పడింది. చప్పుడులోనే తెలిసింది.

ఆవిడ ఆగింది. ఇద్దరం లోపలి గది వైపు చూశాం.