బట్టతల మీద గరుకు మచ్చ

ఆ రోజు మేకప్ వేస్తూ యాదగిరి చెయ్యి నా తల మీద ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా నాకు మేకప్ వేస్తున్నవాడు.

"సార్, గీడ గరుకుగ తగుల్తుంది. జర డాక్టరుకు చూపియ్యుండ్రి."

"చుండ్రేలేవయ్యా. పాన్‌కేక్ మేకప్ కాస్త మందంగా పట్టించు."

"బట్టతలకు చుండ్రేంది సార్?" అని నవ్వాడు. నేనూ నవ్వేశాను.

నాది సినిమాల్లో ఊరిపెద్ద వేషాల బతుకు. పొలంగట్ల మీద, నడినెత్తిన ఎండలో ముప్పై ఏళ్లు నిలబడ్డాను. చెబితే నమ్మరుగానీ, నాకు ఆ ఎండంటే ప్రాణం.

ఆర్నెల్లకు మచ్చ పొలుసులు లేచింది, గోకితే రక్తం వచ్చింది. బంజారా హిల్స్‌లో స్కిన్ డాక్టరమ్మ బయాప్సీ చేయించారు. "ఆక్టినిక్ కెరటోసిస్. ఎండ వల్ల వచ్చింది. ఇంకా క్యాన్సర్ కాదండీ, వదిలేస్తే కావచ్చు" అన్నారు. పక్కనున్న మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మందంగా ఉన్న రెండు మచ్చలకు క్రయో చేశారు, అంటే అతిచల్లటి మందుతో గడ్డకట్టించి మాడ్చారు. మిగతా తలకు నాలుగు వారాలు, చెడ్డ కణాలను చంపే 5-ఎఫ్‌యూ క్రీము. "ఎర్రబడి చెక్కు కడుతుంది, భయపడకండి. మేకప్, ఎండ రెండూ వద్దు" అన్నారు.

మూడో వారం ప్రొడక్షన్ నుంచి ఫోన్. నాదొక్క ప్యాచ్‌వర్క్ షాట్ మిగిలిందట, అది అయిపోతే సాయంత్రం గుమ్మడికాయ కొట్టి షూటింగ్ ముగిస్తారట. నా వల్ల గుమ్మడికాయ ఆగిందన్న మాట పడలేక వెళ్లాను. యాదగిరి మొత్తుకున్నా వినకుండా పచ్చిపుండు మీద పాన్‌కేక్ వేయించుకున్నాను. రెండు రోజుల్లో చీము పట్టింది.

డాక్టరమ్మ చూసి, "షాట్ బాగా వచ్చిందాండీ?" అని మాత్రం అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. క్రీము ఆపి, యాంటీబయాటిక్స్ వాడి, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు తల నున్నగా ఉంది. ఘాటు లేని సబ్బు, స్నానం కాగానే మాయిశ్చరైజర్, గడప దాటే ముందు సన్‌స్క్రీన్, పైన టోపీ. ఆర్నెల్లకోసారి చెకప్. పొద్దున్నే ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద యూనిట్ బస్సు కనిపిస్తే మాత్రం మనసు దాని వెంటే పోతుంది.

పోయిన నెల ఓ మేనేజరు ఫోన్ చేశాడు. ఊరిపెద్ద వేషం, ఇరవై రోజులు అవుట్‌డోర్. జీవితంలో మొదటిసారి షరతు పెట్టాను: ఉదయం తొమ్మిదిలోపు, లేదంటే సాయంత్రం నాలుగు దాటాకే నా షాట్లు. "కనుక్కుని చెప్తాం సార్" అన్నాడు. మళ్లీ చేయలేదు.

ఎండలో పనిచేసేవాళ్లకు నేను చెప్పేదొకటే. గరుకు మచ్చ కనిపిస్తే దేనితోనూ కప్పకండి, వెంటనే చూపించండి. వేషం పోతుందనే నేను కప్పాను. ఇప్పటికీ ఫోన్ మోగితే లొకేషన్ నుంచేమోనని పరిగెత్తుతాను. అయినా ఆ షరతు మాత్రం వెనక్కి తీసుకోను.